లోడ్ పడ్డాక వీఎఫ్‌డీ ఓవర్‌లోడ్‌లో ట్రిప్ అవుతోంది: 7.5 కిలోవాట్ మోటార్, స్క్రూ కన్వేయర్

స్క్రూలైన్

నమస్తే అండీ. పొడి సరుకు లాగే స్క్రూ కన్వేయర్ మీద 7.5 కిలోవాట్ మోటార్ ఉంది. నేమ్‌ప్లేట్ మీద 415 వోల్ట్, 50 హెర్ట్జ్, 14.5 ఆంపియర్, 1450 ఆర్‌పీఎమ్, డెల్టా (వైండింగ్ కనెక్షన్ రకం) అని ఉంది. మోటార్ స్పీడ్ మార్చే పాత డ్రైవ్ (వీఎఫ్‌డీ) పోతే, అదే 18 ఆంపియర్ రేటింగ్‌లో వేరే మేక్ డ్రైవ్ తెచ్చి బిగించారు. అప్పటి నుంచి ఇదే గొడవ. ఖాళీగా చక్కగా తిరుగుతుంది. సరుకు పడ్డాక పది పదిహేను నిమిషాలకు ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతుంది. రీసెట్ కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది కానీ ఈసారి ఇంకా త్వరగా ట్రిప్ అవుతుంది. మోటార్ బాడీ మీద చెయ్యి పెట్టలేనంత వేడి.

మోటార్ అదే, గేర్‌బాక్స్ అదే, సరుకు అదే. మారింది డ్రైవ్ ఒక్కటే. కాబట్టి డ్రైవ్‌లోనే లోపమని మా వాళ్లు అంటున్నారు, తిప్పి పంపేద్దామంటున్నారు. పంపే ముందు ఏమేం చూడాలో చెప్పగలరా?

ప్యానెల్‌బోర్డ్

ముందు ఒక్క విషయం చెప్పండి. డిస్‌ప్లే మీద కచ్చితంగా ఏ కోడ్ వస్తోంది? "ఓవర్‌లోడ్" అని మనం ఒకే మాటలో అనేస్తాం కానీ డ్రైవ్ లోపల రెండు వేర్వేరు లెక్కలు నడుస్తుంటాయి. ఒకటి మోటార్ ఓవర్‌లోడ్. మనం ఇచ్చిన మోటార్ రేటెడ్ కరెంట్‌ని బట్టి మోటార్ ఎంత వేడెక్కి ఉంటుందో డ్రైవ్ అంచనా వేసుకుంటుంది. రెండోది డ్రైవ్ ఓవర్‌లోడ్. తన ఐజీబీటీలు (కరెంట్‌ని స్విచ్ చేసే ట్రాన్సిస్టర్లు) ఎంత మోయగలవో అన్న సొంత లెక్క. యాస్కావాలో ఇవి ఓఎల్1, ఓఎల్2. మిత్సుబిషిలో ఈ.టీహెచ్‌ఎమ్ అంటే మోటార్, ఈ.టీహెచ్‌టీ అంటే ఇన్వర్టర్. మీ మేక్‌లో ఏ అక్షరాలో మాన్యువల్‌లో చూడండి.

ఓవర్‌కరెంట్ ఫాల్ట్ వీటికి పూర్తిగా వేరు. అది క్షణంలో కొడుతుంది: షార్ట్, ఎర్త్ ఫాల్ట్, మరీ తక్కువ యాక్సిలరేషన్ టైమ్ లాంటి వాటికి. మీది నిమిషాల తర్వాత వస్తోంది కాబట్టి అది కాదు.

రన్నింగ్‌షిఫ్ట్

అన్నా, డ్రైవ్ రేటింగ్ 18 కదా. మోటార్ కరెంట్ సెట్టింగ్ 14.5 నుంచి 18కి పెంచేసి చూడు. లైన్ ఆగితే పై నుంచి వచ్చే ఒత్తిడి నాకు తెలుసు. ముందు లైన్ నడవనీ, షట్‌డౌన్‌లో తీరిగ్గా చూసుకోవచ్చు.

పాతవైండర్

దయచేసి ఆ పని చేయకండి. నేను మోటార్లు రీవైండ్ చేసేవాడిని. ఇలా సెట్టింగ్ పెంచి నడిపిన మోటార్లే నా దగ్గరకు వస్తుంటాయి. మూడు ఫేజుల కాయిల్స్ సమానంగా నల్లబడి, వార్నిష్ పెళుసుగా రాలిపోతూ ఉంటే అది ఓవర్‌లోడ్‌తో చచ్చిన మోటార్ అని చూడగానే తెలిసిపోతుంది. ఒక ఫేజు పోయి నడిచిందైతే కొన్ని కాయిల్ గ్రూపులే కాలి ఉంటాయి, మిగతావి కొత్తగానే కనిపిస్తాయి.

కాపర్ లాస్ కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 14.5 మోటార్‌లో 18 ఆంపియర్లు పారిస్తే వైండింగ్‌లో పుట్టే వేడి ఒకటిన్నర రెట్లు. ఇన్సులేషన్ తట్టుకునే హద్దు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఆ సెట్టింగ్ మోటార్‌ని కాపాడటానికి ఉన్నది. నేమ్‌ప్లేట్ మీద ఉన్న అంకె తప్ప అందులో ఇంకేదీ వేయకూడదు.

ఇంకోటి, స్క్రూలైన్ గారూ. ట్రిప్ అయ్యాక మెయిన్ పవర్ తీసి వేస్తున్నారా? కొన్ని డ్రైవ్‌లలో పవర్ తీసేస్తే ఆ వేడి లెక్క సున్నా అయిపోతుంది. మోటార్ లోపల వేడి మాత్రం అలాగే ఉంటుంది. ఆ స్థితిలో మళ్లీ లోడ్ మీద స్టార్ట్ చేయడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

స్క్రూలైన్

కోడ్ చూశాను. మాన్యువల్ ప్రకారం అది మోటార్ ఓవర్‌లోడే, డ్రైవ్ ఓవర్‌లోడ్ కాదు. మోటార్ కరెంట్ సెట్టింగ్ 14.5 ఉంది, దాన్ని ముట్టుకోలేదు. లోడ్ మీద డ్రైవ్ డిస్‌ప్లే 17 చూపిస్తోంది. ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్ క్లాంప్ మీటర్‌తో మోటార్ వైపు మూడు ఫేజులు చూశాను: 16.8, 17.1, 17.0. పాత డ్రైవ్ ఉన్నప్పటి లాగ్‌షీట్‌లో ఇదే లోడ్‌కి 13.5 అని రాసి ఉంది.

ట్రిప్ అయ్యాక పవర్ తీయడం లేదు, కీప్యాడ్ మీద రీసెట్ మాత్రమే కొడుతున్నారు.

ప్యానెల్‌బోర్డ్

అయితే డ్రైవ్ నిజమే చెబుతోంది. 17 అంటే నేమ్‌ప్లేట్ మీద 117 శాతం. ట్రిప్ అవ్వాల్సిందే. మామూలు థర్మల్ రిలేకి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా 1.05 రెట్ల దగ్గర ట్రిప్ కాకూడదు, 1.2 రెట్ల దగ్గర రెండు గంటల లోపు ట్రిప్ అయి తీరాలి అంటుంది. డ్రైవ్‌లలో ఉండే ఎలక్ట్రానిక్ థర్మల్ చాలావరకు అంతకన్నా ముందే పట్టేస్తుంది.

డ్రైవ్ వెనక్కి పంపితే ఇంకోటి వచ్చినా ఇదే జరుగుతుంది. 13.5 ఉండాల్సింది 17 ఎందుకయిందన్నదే అసలు ప్రశ్న.

డ్రైవ్‌బెంచ్

మంచి రీడింగ్స్ ఇచ్చారు. మూడు ఫేజులూ ఒక శాతం తేడాలోనే ఉన్నాయి కాబట్టి లూజ్ టెర్మినల్, అవుట్‌పుట్ ఫేజ్ పోవడం, వైండింగ్‌లో టర్న్ షార్ట్ లాంటివి పక్కన పెట్టవచ్చు. ఫేజుల మధ్య పది శాతం దాకా తేడా ఉంటే నేను అక్కడే ఆగి ముందు దాని సంగతి చూసేవాడిని.

ఇప్పుడు మూడు స్థితుల్లో రీడింగ్స్ కావాలి. కప్లింగ్ (షాఫ్టులను కలిపే జోడింపు) విడదీసి మోటార్ ఒక్కటే తిరుగుతున్నప్పుడు, కప్లింగ్ వేసి స్క్రూ ఖాళీగా తిరుగుతున్నప్పుడు, సరుకు నిండా ఉన్నప్పుడు. మూడింటికీ 50 హెర్ట్జ్ దగ్గరే నడపండి. ప్రతి స్థితిలోనూ డ్రైవ్ మానిటర్‌లో నాలుగు విషయాలు రాసుకోండి: అవుట్‌పుట్ కరెంట్, అవుట్‌పుట్ వోల్టేజ్, డీసీ బస్ (డ్రైవ్ లోపల ఏసీ డీసీగా మారి ఉండే చోటు) వోల్టేజ్, అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ. షాఫ్ట్ దగ్గర టాకోమీటర్‌తో ఆర్‌పీఎమ్ కూడా తీయగలిగితే సగం పని అయిపోయినట్టే. ఖాళీ కరెంట్, లోడ్ కరెంట్ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా ఓవర్‌లోడ్ కేసులు అక్కడే తేలిపోతాయి. లోడ్ మీద ఉన్న ఒక్క రీడింగ్‌తో మాత్రం ఏదీ తేలదు, ఎందుకంటే బిగుసుకున్న బేరింగ్‌కీ, తప్పు సెట్టింగ్‌కీ, తక్కువ వోల్టేజ్‌కీ అన్నిటికీ కరెంట్ పెరుగుతుంది.

కొలిచేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. డ్రైవ్ అవుట్‌పుట్ వోల్టేజ్‌ని మామూలు మల్టీమీటర్‌తో కొలవకండి. అక్కడ ఉండేది సైన్ వేవ్ కాదు, కిలోహెర్ట్జ్‌లలో కొట్టే పల్సులు. లో పాస్ ఫిల్టర్ ఉన్న మీటర్ లేకపోతే డ్రైవ్ మానిటర్‌లో ఉన్న అంకెనే నమ్మండి. ఇన్‌పుట్ వైపు కరెంట్‌ని అవుట్‌పుట్ కరెంట్‌తో పోల్చకండి. తక్కువ స్పీడ్‌లో మోటార్ 15 ఆంపియర్లు తీసుకుంటున్నా ఇన్‌పుట్ వైపు అందులో చిన్న భాగమే కనిపిస్తుంది, అది లోపం కాదు.

కప్లింగ్ విడదీసే ముందు ఐసోలేటర్ తీసి తాళం వేయండి. డ్రైవ్ టెర్మినల్స్ ముట్టుకోవాల్సి వస్తే కవర్ మీద రాసినంత సేపు ఆగి, డీసీ బస్ మీద మీటర్ పెట్టి వోల్టేజ్ దిగిపోయిందని చూశాకే చెయ్యి పెట్టండి. డిస్‌ప్లే ఆరిపోయినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జ్ మిగిలి ఉంటుంది. మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) వేయాలనుకుంటే మోటార్‌కి వెళ్లే యూ, వీ, డబ్ల్యూ వైర్లు డ్రైవ్ నుంచి తప్పకుండా విప్పేయాలి. డ్రైవ్‌కి తగిలించి మెగ్గర్ తిప్పితే ఐజీబీటీలు పోతాయి.

బ్లోయర్‌రూమ్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఓవర్‌లోడే. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్, ఎన్నో ఏళ్లుగా ఇబ్బంది లేదు. గాలి సరిపోవడం లేదని గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 50 నుంచి 53 చేశారు. మూడు హెర్ట్జ్‌కే ఇంత తేడా వస్తుందా?

ప్యానెల్‌బోర్డ్

వస్తుందండీ. ఫ్యాన్‌కి పవర్ స్పీడ్ ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 53ని 50తో భాగిస్తే 1.06, దాని ఘనం 1.19. అంటే 19 శాతం ఎక్కువ పవర్. పైగా 50 దాటాక డ్రైవ్ వోల్టేజ్‌ని ఇంక పెంచలేదు కాబట్టి ఆ పెరిగిన పవరంతా కరెంట్ మీదే పడుతుంది. మోటార్ ముందే నిండు లోడ్ దగ్గర ఉండి ఉంటే ట్రిప్ అవ్వడం ఖాయం. ఒక్కటి చూడండి: సక్షన్ వైపు ఫిల్టర్ గానీ, ఇన్‌స్పెక్షన్ డోర్ గానీ తెరిచి ఉందా? చాలామంది గాలి దారి మూసుకుంటే లోడ్ పెరుగుతుందనుకుంటారు. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్‌లో అందుకు ఉల్టా. దారి తెరుచుకుంటే ఎక్కువ గాలి లాగుతుంది, కరెంట్ పెరుగుతుంది.

స్క్రూలైన్

రీడింగ్స్ తెచ్చాను, అన్నీ 50 హెర్ట్జ్ దగ్గర.

మోటార్ ఒక్కటే: 4.9 ఆంపియర్.
స్క్రూ ఖాళీగా: 7.8 ఆంపియర్.
నిండు లోడ్: 17 ఆంపియర్, 1425 ఆర్‌పీఎమ్.

అవుట్‌పుట్ వోల్టేజ్ మూడింటికీ 346 దగ్గరే ఉంది. ఇన్‌పుట్ లైన్ 410, లోడ్ మీద డీసీ బస్ 555. మెగ్గర్ 500 వోల్టుల మీద 200 మెగాఓమ్స్ పైనే వచ్చింది.

పాత రికార్డుల్లో ఇంకో విషయం దొరికింది. మోటార్ బేరింగులు మార్చినప్పుడు ఖాళీగా నడిపి 6.3 ఆంపియర్ అని రాశారు. ఇప్పుడు 4.9 అంటే తగ్గింది. ఖాళీగా తక్కువ తీసుకుంటూ లోడ్ మీద ఎక్కువ తీసుకోవడం ఏమిటో అర్థం కావడం లేదు.

డ్రైవ్‌బెంచ్

దొరికింది. మీకు అర్థం కాలేదన్న ఆ విషయమే జవాబు.

డీసీ బస్ చూడండి. లైన్ వోల్టేజ్‌ని 1.35తో గుణిస్తే లోడ్ మీద ఉండాల్సిన డీసీ బస్ వస్తుంది. 410కి 553, మీకు 555 ఉంది. కాబట్టి ఇన్‌పుట్ బాగుంది, మూడు ఫేజులూ వస్తున్నాయి, రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే భాగం) బాగుంది. 410 వోల్టుల దాకా ఇవ్వగలిగే స్థితిలో డ్రైవ్ ఉంది. అయినా 50 హెర్ట్జ్ దగ్గర 346 వోల్టులే ఇస్తోంది. చేతకాక కాదు, అలా ఇమ్మని ఎవరో చెప్పారు కాబట్టి.

ఇప్పుడు 346ని 50తో భాగించండి, 6.9 వస్తుంది. మీ మోటార్‌కి కావాల్సింది 415 బై 50, అంటే 8.3. అదే 415ని 60తో భాగిస్తే? 6.9. డ్రైవ్‌లో బేస్ ఫ్రీక్వెన్సీ (పూర్తి వోల్టేజ్ అందే ఫ్రీక్వెన్సీ) 60 హెర్ట్జ్ మీద ఉంది. చాలా డ్రైవ్‌లు ఫ్యాక్టరీ నుంచి అలాగే వస్తాయి. బిగించినవాళ్లు మోటార్ వోల్టేజ్ 415, కరెంట్ 14.5 వేసి ఉంటారు. గరిష్ఠ ఫ్రీక్వెన్సీ కూడా 50 చేసి ఉంటారు. బేస్ ఫ్రీక్వెన్సీ వేరే ప్యారామీటర్, అది కంటికి ఆనకుండా మిగిలిపోయి ఉంటుంది. 60 హెర్ట్జ్ దగ్గర పూర్తి 415 ఇవ్వాలని డ్రైవ్ అనుకుంటోంది, మీరు 60కి ఎప్పటికీ వెళ్లరు.

ఆర్‌పీఎమ్ కూడా ఇదే చెబుతోంది. నాలుగు పోల్ మోటార్‌కి 50 హెర్ట్జ్ దగ్గర సింక్రనస్ స్పీడ్ (లోపల అయస్కాంత క్షేత్రం తిరిగే స్పీడ్) 1500. నేమ్‌ప్లేట్ 1450 అంటే నిండు లోడ్‌లో స్లిప్ (దానికన్నా రోటర్ వెనకబడే మేర) 50. మీకు 1425, అంటే స్లిప్ 75. రోటర్ కష్టపడుతోంది.

నేర్చుకుంటున్నా

సార్, చిన్న సందేహం. వోల్టేజ్ తగ్గితే కరెంట్ కూడా తగ్గాలి కదా? ఓమ్స్ లా ప్రకారం?

పాతవైండర్

మంచి ప్రశ్నే బాబూ. హీటర్‌కైతే నీ మాట నిజం. మోటార్‌కి కాదు. మోటార్ మీద ఉన్న లోడ్ తనకు కావాల్సిన టార్క్ (తిప్పే బలం) అడుగుతుంది, వోల్టేజ్ ఎంతుందో దానికి పట్టదు. టార్క్ రావాలంటే రెండు కావాలి: కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం), రోటర్‌లో కరెంట్. ఆ రెండిటి లబ్ధమే టార్క్. ఫ్లక్స్ ఎంతుంటుందన్నది వోల్టేజ్‌ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చే విలువను బట్టి ఉంటుంది. అది 8.3 నుంచి 6.9కి పడితే ఫ్లక్స్ 17 శాతం తగ్గినట్టు. అదే టార్క్ రావాలంటే రోటర్ కరెంట్ 20 శాతం పెరగాలి. అది పెరగడానికి రోటర్ ఇంకాస్త వెనకబడాలి, అందుకే స్లిప్ పెరిగింది.

ఖాళీగా ఉన్నప్పుడు టార్క్ అవసరం దాదాపు లేదు. అప్పుడు పారేది ఎక్కువగా ఫ్లక్స్ పుట్టించే మాగ్నెటైజింగ్ కరెంటే. ఫ్లక్స్ తగ్గింది కాబట్టి అదీ తగ్గి, 6.3 ఉండాల్సిన చోట 4.9 వచ్చింది. ఖాళీగా తక్కువ, లోడ్ మీద ఎక్కువ అన్నది ఫ్లక్స్ చాలని మోటార్ లక్షణం. డెల్టా మోటార్‌ని పొరపాటున స్టార్‌లో కడితే కూడా ఇలాగే ఉంటుంది, ఇంకా ఘోరంగా. ఫ్లక్స్ 58 శాతానికి పడిపోతుంది, గరిష్ఠ టార్క్ మూడో వంతుకు వస్తుంది. స్క్రూలైన్ గారూ, ఎలాగూ అక్కడే ఉన్నారు కాబట్టి టెర్మినల్ బాక్స్ తెరిచి లింకులు ఒకసారి చూడండి.

గరిష్ఠ టార్క్ మాత్రం ఫ్లక్స్ వర్గాన్ని బట్టి ఉంటుంది. ఈ కేసులో అది 69 శాతానికి వచ్చింది. సరుకు నిండుగా ఉన్న స్క్రూని ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కదలకుండా మొరాయించే ప్రమాదం కూడా ఇందుకే.

నేర్చుకుంటున్నా

అర్థమైంది సార్. మరి దీనికి ఉల్టాగా, ఫ్లక్స్ ఎక్కువైతే?

పాతవైండర్

కోర్ శాచురేట్ అవుతుంది, అంటే ఇంక ఫ్లక్స్ పట్టని స్థితికి వస్తుంది. ఖాళీగా తిరుగుతున్నప్పుడే కరెంట్ దూసుకుపోతుంది, మోటార్ గుర్రుమని మోగుతుంది.

రన్నింగ్‌షిఫ్ట్

అయితే నా మిక్సర్ సంగతి అదేనేమో. 8 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ సేపు నడపాలి. 40 దగ్గర ఏ బాధా లేదు, 8 దగ్గర ఓవర్‌లోడ్. ఖాళీ గిన్నెతో కూడా కరెంట్ నేమ్‌ప్లేట్ దగ్గరికి వచ్చేస్తోంది, బాగా గుర్రుమంటోంది.

డ్రైవ్‌బెంచ్

టార్క్ బూస్ట్ ఎంత ఉందో చూడండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో మోటార్‌కి ఇచ్చే వోల్టేజే తక్కువ. అందులో కొంత స్టేటర్ (కదలని వైండింగ్) రెసిస్టెన్స్‌లోనే పోతుంది. ఆ నష్టం పూడ్చడానికే బూస్ట్. స్టార్టింగ్‌లో కదలడం లేదని దాన్ని ఎవరో పెంచి ఉంటారు. అవసరానికి మించితే ఫ్లక్స్ ఎక్కువై, ఖాళీగా ఉన్నా కరెంట్ పెరుగుతుంది. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, నిండు గిన్నె కదలడానికి సరిపడే చోట ఆపండి. మీ డ్రైవ్‌లో సెన్సార్‌లెస్ వెక్టర్ మోడ్ (స్పీడ్ సెన్సార్ లేకుండానే ఫ్లక్స్‌నీ టార్క్‌నీ విడివిడిగా అదుపు చేసే పద్ధతి) ఉంటే ఇలాంటి లోడ్‌కి అదే మేలు. కాకపోతే నేమ్‌ప్లేట్ వివరాలన్నీ సరిగా ఇచ్చి, మోటార్ చల్లగా ఉన్నప్పుడు ఆటోట్యూన్ (డ్రైవే మోటార్ లక్షణాలు కొలుచుకోవడం) చేయాలి. వీలైతే లోడ్ విడదీసి తిప్పి చేసే ఆటోట్యూన్ మంచిది.

ఇంకో రెండు సంగతులు. మోటార్ వెనక ఫ్యాన్ షాఫ్ట్ మీదే ఉంటే 8 హెర్ట్జ్ దగ్గర అది గాలి ఇవ్వదు. కరెంట్ నేమ్‌ప్లేట్ లోపలే ఉన్నా మోటార్ ఉడికిపోతుంది. డ్రైవ్‌లో మోటార్ రకం అడిగే ప్యారామీటర్ ఉంటుంది. మామూలు ఫ్యాన్ మోటార్ అని పెడితే తక్కువ స్పీడ్‌లో డ్రైవ్ ముందుగానే ట్రిప్ చేస్తుంది, అది సరైనదే. విడిగా కరెంట్ ఇచ్చే కూలింగ్ ఫ్యాన్ పెట్టకుండా ఆ ప్యారామీటర్ మార్చకండి. వైండింగ్‌లో పీటీసీ థర్మిస్టర్ (వేడిని పట్టే సెన్సార్) ఉంటే డ్రైవ్‌కి కలపండి, అప్పుడు అంచనాతో పని లేదు, అసలు వేడే తెలుస్తుంది.

కోడ్ డ్రైవ్ ఓవర్‌లోడ్ అని వస్తే మాత్రం వేరే కథ. ఫ్రీక్వెన్సీ బాగా తగ్గినప్పుడు ఒక్కో ఐజీబీటీ పీక్ కరెంట్‌ని ఎక్కువ సేపు మోయాలి, అందుకే చాలా డ్రైవ్‌లు కొన్ని హెర్ట్జ్ కింద తమ ఓవర్‌లోడ్ హద్దును తగ్గించుకుంటాయి. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (ఐజీబీటీలు స్విచ్ అయ్యే వేగం) ఎక్కువగా పెట్టి ఉంటే దాన్ని తగ్గించినా డ్రైవ్‌కి ఊపిరి అందుతుంది. మోటార్ చప్పుడు కాస్త పెరుగుతుంది, అంతే.

గేర్‌బాక్స్‌గది

రన్నింగ్‌షిఫ్ట్ అన్నా, ఆ మిక్సర్‌ది బ్రేక్ మోటారా? బ్రేక్ కాయిల్ సప్లై మోటార్ టెర్మినల్స్ నుంచే తీసి ఉంటే 8 హెర్ట్జ్ దగ్గర దానికి అందేది 66 వోల్టుల చుట్టుపక్కల. బ్రేక్ పూర్తిగా విడవదు, పట్టుకుని ఉన్న బ్రేక్ మీదే మోటార్ తిరుగుతుంది. డ్రైవ్ లేకుండా డైరెక్ట్‌గా నడిచిన మోటార్‌కి తర్వాత డ్రైవ్ పెట్టిన చోట్ల ఇది చాలా చూశాను. బ్రేక్‌కి మెయిన్ సప్లై నుంచి విడిగా లైన్ ఇచ్చి, డ్రైవ్ రిలేతో విడిపించాలి.

రన్నింగ్‌షిఫ్ట్

బ్రేక్ లేదన్నా. బూస్ట్ చూస్తాను.

స్క్రూలైన్

డ్రైవ్‌బెంచ్ గారూ, మీరు చెప్పినట్టే ఉంది. బేస్ ఫ్రీక్వెన్సీ 60.00. గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 50.00. ఒకే మెనూలో కూడా లేవు, వేర్వేరు గ్రూపుల్లో ఉన్నాయి. టెర్మినల్ బాక్స్‌లో లింకులు డెల్టాలోనే ఉన్నాయి.

డ్రైవ్ ఆపి బేస్ 50 చేశాను. ఇప్పుడు అవుట్‌పుట్ వోల్టేజ్ 50 హెర్ట్జ్ దగ్గర 410 చూపిస్తోంది. మోటార్ ఒక్కటే 6.3, పాత రికార్డుతో సరిపోయింది. స్క్రూ ఖాళీగా 8.1. నిండు లోడ్ 15 ఆంపియర్, స్పీడ్ 1448. షిఫ్ట్ మొత్తం ట్రిప్ లేకుండా నడిచింది. డ్రైవ్ వెనక్కి పంపే మాట ఇక ఎవరూ ఎత్తడం లేదు. మీ అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.

ప్యానెల్‌బోర్డ్

సంతోషం. అయితే ఇంకా 15 ఉంది. నేమ్‌ప్లేట్ 14.5, పాత లాగ్‌షీట్ 13.5. ట్రిప్ అవ్వడం లేదంటే బాగయిందని కాదు. 103 శాతం దగ్గర ఎలక్ట్రానిక్ థర్మల్ ఊరుకుంటుంది, కానీ మోటార్ మీద ఆ భారం రోజంతా ఉంటుంది.

గేర్‌బాక్స్‌గది

అదే నేనూ అనబోతున్నాను. స్క్రూలైన్ గారూ, మీ పాత లాగ్‌షీట్‌లో స్క్రూ ఖాళీగా తిరిగినప్పటి కరెంట్ రాసి ఉందా?

స్క్రూలైన్

ఉంది. 7.3.

గేర్‌బాక్స్‌గది

ఇప్పుడు 8.1. మోటార్ ఒక్కటే తిరిగినప్పుడు సరిగ్గా పాత రికార్డే వచ్చింది కాబట్టి మోటార్ మీద, దాని బేరింగుల మీద అనుమానం లేదు. సరుకు లేకుండానే తేడా వచ్చింది కాబట్టి సరుకు తడిసిందనో, గట్టిపడిందనో కూడా అనలేం. కప్లింగ్‌కీ స్క్రూ చివరికీ మధ్య ఎక్కడో రాపిడి పెరిగింది.

0.8 ఆంపియరే కదా అని తీసిపారేయకండి. ఆ 6.3లో దాదాపు అంతా మాగ్నెటైజింగ్ కరెంట్, పని చేసేది కాదు. అది, పని చేసే కరెంట్ మామూలుగా కూడవు, వర్గాలుగా కూడుతాయి. 7.3 వర్గంలోంచి 6.3 వర్గం తీసేస్తే, వర్గమూలం 3.7. అదే 8.1కి 5.1. అంటే ఖాళీ స్క్రూని తిప్పడానికే మూడో వంతుకు పైగా ఎక్కువ టార్క్ కావాల్సి వస్తోంది. చిన్న విషయం కాదు.

చూడాల్సిన వరుస ఇది. గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్, రంగు. తర్వాత ఐసోలేటర్‌కి తాళం వేసి, గేర్‌బాక్స్ అవుట్‌పుట్ వైపు కప్లింగ్ విప్పి, స్క్రూని పైప్ రెంచ్‌తో చేత్తో తిప్పండి. ఒక చుట్టులో ఒకే చోట పట్టేస్తుంటే షాఫ్ట్ వంగినట్టు, లేదా స్క్రూ రెక్క ట్రఫ్‌కి (స్క్రూ తిరిగే తొట్టికి) రాసుకుంటున్నట్టు. చుట్టంతా ఒకేలా బిగువుగా ఉంటే బేరింగులు చూడాలి. పొడవైన స్క్రూ అయితే మధ్యలో షాఫ్ట్‌ని పైనుంచి పట్టుకునే హ్యాంగర్ బేరింగ్ ఉంటుంది, నా అనుమానమంతా దాని మీదే. పొడిలో మునిగి ఉంటుంది, గ్రీజు అందదు, ఎవరికీ కనపడదు.

డ్రైవ్‌బెంచ్

దీనికి తోడు ఒక మాట. డ్రైవ్ మారిన రోజు నుంచే సమస్య మొదలైంది కాబట్టి అందరి కళ్లూ డ్రైవ్ మీదే ఉన్నాయి. బహుశా పాత డ్రైవ్ ఉన్న చివరి రోజుల్లోనే కరెంట్ మెల్లగా పెరుగుతూ ఉండి ఉంటుంది. బేస్ ఫ్రీక్వెన్సీ ఒక్కటే కారణమైతే 13.5 దాదాపు 15 అయ్యేది, 17 దాకా వెళ్లేది కాదు. లాగ్‌షీట్‌లో పాత డ్రైవ్ పోవడానికి ముందు నెలల్లో ఏముందో చూడండి.

స్క్రూలైన్

చూశాను. చివరి ఎంట్రీలు 14.2, 14.6 అని ఉన్నాయి. అప్పట్లో ట్రిప్ కాలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను చెప్పిన 13.5 అంతకు ముందుది.

స్క్రూని చేత్తో తిప్పాం. చుట్టంతా బిగువే. ట్రఫ్ కవర్ ఎత్తి హ్యాంగర్ బేరింగ్ విప్పితే బుష్ (షాఫ్ట్ తిరిగే తొడుగు) ఒక వైపే అరిగిపోయి ఉంది. మధ్యలో సందులో పొడి దూరి రాయిలా గట్టిపడింది. దాని వల్ల షాఫ్ట్ కిందికి జారి, రెక్క అంచు ట్రఫ్ అడుగున రాసుకున్న చోట ఇనుము వెండిలా మెరుస్తోంది. బుష్ మార్చి, ఎలైన్‌మెంట్ సరిచూసి కవర్ వేశాం.

ఇప్పుడు స్క్రూ ఖాళీగా 7.4. నిండు లోడ్ 13.5. మోటార్ మీద చెయ్యి పెట్టి ఉంచగలుగుతున్నాం.

ప్యానెల్‌బోర్డ్

ఇప్పుడు బాగయిందని చెప్పొచ్చు. ఇంకో పని మిగిలింది. డ్రైవ్ కీప్యాడ్‌లో ప్యారామీటర్ కాపీ ఉంటే తీసి పెట్టుకోండి. మార్చిన ప్యారామీటర్లన్నీ ఒక కాగితం మీద రాసి ప్యానెల్ డోర్ లోపల అంటించండి: మోటార్ వోల్టేజ్, కరెంట్, బేస్ ఫ్రీక్వెన్సీ, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ, యాక్సిలరేషన్ టైమ్, కంట్రోల్ మోడ్. పక్కనే ఈ మూడు కరెంట్లు కూడా రాయండి: 6.3, 7.4, 13.5. రేపు ఈ డ్రైవ్ పోయి రాత్రి పూట ఇంకెవరో వచ్చి మారిస్తే వాళ్లకి అదే దారి చూపిస్తుంది.

రన్నింగ్‌షిఫ్ట్

మిక్సర్‌లో టార్క్ బూస్ట్ 12 శాతం ఉంది. 5కి దించాను. ఖాళీగా 8 హెర్ట్జ్ దగ్గర కరెంట్ సగానికి పడిపోయింది, ఆ గుర్రు చప్పుడు కూడా పోయింది. నిండు గిన్నె స్టార్ట్ అవుతోంది. తక్కువ స్పీడ్‌లో ఎక్కువ సేపు నడపాలి కాబట్టి విడి కూలింగ్ ఫ్యాన్ అడిగాను. 18కి పెంచమన్న నా సలహాని ఎవరూ పాటించవద్దు, పాతవైండర్ గారు చెప్పిందే సరైనది.

బ్లోయర్‌రూమ్

నా సంగతి కూడా చెబుతాను. సక్షన్ వైపు ఫిల్టర్ హౌసింగ్ తలుపు గాస్కెట్ ఊడిపోయి సగం తెరుచుకుని ఉంది. గాలి డక్ట్‌లోంచి రాకుండా అక్కడి నుంచే లోపలికి పోతోంది, అందుకే అవతల గాలి సరిపోలేదు. అది తెలియక ఫ్రీక్వెన్సీ పెంచారు. గాస్కెట్ వేసి తలుపు బిగించి, ఫ్రీక్వెన్సీ మళ్లీ 50 చేశాం. కరెంట్ నేమ్‌ప్లేట్ కింద ఉంది, గాలి కూడా సరిపోతోంది. ఇప్పుడు 53 అవసరమే లేదు.